కలిసొచ్చే డబ్బు

ఆ పది పౌండ్లను దేవుడి కోసం ఆపాడా, పది పౌండ్ల కోసమే ఆపాడా అన్నది ఐజక్ రెల్ఫ్‌కు ఇరవై ఎనిమిదేళ్లుగా తేలలేదు.

జరిగింది చిన్న సంగతే. తండ్రి పోయిన ఏడాది అక్టోబరులో, పశువుల సంతలో, పక్క కమతం ఎడ్గర్ డార్గ్‌కు అతను ఒక పొట్టేలును అమ్మాడు. నల్ల మొహం, తెల్ల ముక్కు, రెండు చుట్లు తిరిగిన కొమ్ములు. మంచి పొట్టేలే. బేరం కుదిరింది, ఇద్దరూ అరచేతులు కలిపారు. ఆ తర్వాత అమ్మినవాడు తనకొచ్చే సొమ్ములో కొంత కొన్నవాడి చేతిలో తిరిగి పెట్టాలి. అది తగ్గింపు కాదు. కొన్న జీవం వాడికి కలిసిరావాలని పెట్టేది. కలిసొచ్చే డబ్బు అంటారు దాన్ని. ఆ కొండల్లో ఎంత పిసినారి అయినా అది ఎగ్గొట్టడు.

ఎడ్గర్ చెయ్యి చాపి నిలబడ్డాడు. చుట్టూ పదిమంది రైతులు. ఐజక్ చెయ్యి జేబులోకి పోయింది, నోటును తాకింది, ఖాళీగా బయటికొచ్చింది.

"మా ఇంట్లో అదృష్టాన్ని నమ్మం ఎడ్గర్. ఇచ్చేవాడు పైన ఉన్నాడు" అన్నాడు.

ఎడ్గర్ చాపిన చేతిని కాసేపు అలాగే ఉంచి, తర్వాత కోటుకు తుడుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఐజక్‌కు తర్వాత చాలాసార్లు అనిపించింది.

నలుగురిలో ఆ మాట అంటున్నప్పుడు తండ్రి గొంతే తనలోంచి పలికినట్టు అతనికి ఒళ్లు పులకరించిన మాట నిజం. ఆ వారం దాణా వ్యాపారికి బాకీ ఉందన్నదీ, పొట్టేలు సొమ్ము ఇంకా చేతికి రాక జేబులో మిగిలింది ఆ నోటు ఒక్కటేనన్నదీ కూడా నిజం. ఇంకో నిజం ఇంటికి వస్తుంటే దారిలో గుర్తుకొచ్చింది. తండ్రి నలభై ఏళ్లు మందిరంలో వాక్యం చెప్పాడు, ఆ నలభై ఏళ్లూ సంతలో ఆ డబ్బు కూడా ఇచ్చాడు. రెండింటికీ పేచీ ఉందని ఆయన ఎన్నడూ అనుకున్నట్టు లేదు.

క్రిస్మస్ వారంలో ఆ పొట్టేలు చచ్చిపోయింది. ఉన్ని తడిసి బరువెక్కినప్పుడు గొర్రె వెల్లకిలా పడితే తనంతట తాను లేవలేదు. కడుపు ఉబ్బి, కాకులు కళ్లు పొడుస్తుండగా పోతుంది. ఎడ్గర్ రాతి గోడకు అవతలి నుంచి చెప్పాడు, "నీ పొట్టేలు పోయిందోయ్" అని. అంతే చెప్పి గోడలో జారిన రాయి సర్దుకుంటూ ఉండిపోయాడు. కలిసిరాలేదు అన్న మాట అతని నోట రాలేదు. రాకపోవడమే ఐజక్‌కు గుచ్చుకుంది.

ఆ సాయంత్రం అతను ఒక పది పౌండ్ల నోటును తండ్రి కీర్తనల పుస్తకంలో, పంట పండుగ నాడు పాడే పాట ఉన్న పేజీలో పెట్టాడు. ఈసారి కనబడినప్పుడు ఇచ్చేద్దామనుకున్నాడు. కనబడటం ఏముంది, రోజూ కనబడతాడు. కానీ బేరం నాడు చేతిలో పెట్టని కలిసొచ్చే డబ్బు తర్వాత పెడితే ఏమవుతుంది? చచ్చిన పొట్టేలుకు పరిహారం అవుతుంది. అంటే అదృష్టాన్ని నమ్మినట్టే కదా. ఇలా తర్కించుకుంటూ వారం, నెల, ఏడాది గడిచాయి. ఎడ్గర్ గోడలు కూలితే తను కట్టాడు. ఎడ్గర్ భార్య జబ్బుపడ్డ వసంతంలో అతని గొర్రెల ఈతలన్నీ తనే చూశాడు. ఏదీ ఆ పదికి జమ పడలేదని ఇద్దరికీ తెలుసు. మందిరంలో ఆ పాట పాడినప్పుడల్లా ఐజక్ పుస్తకం తెరవకుండా కంఠతా పాడేవాడు.

*

ఎస్టేటు నుంచి ఉత్తరం వచ్చిన వారంలోనే టీవీ వాళ్లు కూడా వచ్చారు. సంతలో చివరి వేలానికి ఏడాదిన్నర ముందు సంగతి ఇది.

ఉత్తరం మర్యాదగానే ఉంది. కౌలు గడువు వచ్చే ఏడాది అక్టోబరుతో ముగుస్తుంది, పొడిగించే ఆలోచన లేదు. కొండ మీద చెట్లు నాటుతారు. ఆ చెట్లు పీల్చే పొగకు ఎక్కడో విమానాలు నడిపే కంపెనీ ఒకటి ఎస్టేటుకు డబ్బు కడుతుందట. చెట్లు చెడ్డవని ఐజక్ అనడు. దేవుడు గొర్రెలకంటే ముందే చెట్లను చేశాడని అతనికి తెలుసు. కానీ ఆ కొండకు కంచె లేదు. ఎవరి గొర్రెలు ఎంతవరకు మేస్తాయో గొర్రెలకే తెలుసు. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, దాని వెంట దాని పిల్ల. ఐజక్ మంద మేర వాగు దగ్గర మొదలై నల్లబండ దాకా ఉంటుంది. అటువైపు ఎడ్గర్ మంద మేర, అది ఎస్టేటుది కాదు. ఈ నాలుగు వందల గొర్రెలు ఒకసారి కొండ దిగి లారీ ఎక్కితే ఆ మేర పోయినట్టే. రేపు ఎవరో మనసు మార్చుకుని వేరే గొర్రెలను తెచ్చి వదిలినా అవి వారం తిరక్కుండా పక్క జిల్లాలో ఉంటాయి. డబ్బు పోసి కొనలేనిది అది ఒక్కటే.

టీవీ వాళ్లది 'కొండ మీద ఏడాది' అనే కార్యక్రమం. ఆదివారం సాయంత్రాలు వస్తుంది, దేశంలో సగం మంది చూస్తారు. వాళ్లకు నాయకురాలు ఇమోజెన్ అనే అమ్మాయి. ముప్ఫై ఐదేళ్లుంటాయి, మంచి పిల్ల, బురద అంటని కొత్త రబ్బరు బూట్లు వేసుకొచ్చింది.

ఐజక్ మూడు రోజులు ప్రార్థన చేసుకుని ఒప్పుకున్నాడు. దేశంలో సగం మంది ఆ ఉత్తరాన్ని చూస్తే ఎస్టేటు వాళ్లు సిగ్గుపడి కౌలు పొడిగిస్తారని అతని ఆశ. ఉత్తరం వచ్చిన వారంలోనే వీళ్లు రావడం వట్టి యాదృచ్ఛికం కాదనుకున్నాడు. ఆ మాట భార్య విన్నీతో అంటే, ఆమె రొట్టె కోస్తున్న కత్తి ఆపి అతని వైపు చూసింది.

"వాళ్లు మన గోడు వినడానికి వస్తున్నారా, మన గోడలు చూడటానికి వస్తున్నారా? అది ముందు కనుక్కో" అంది.

వాళ్లకు గోడలు బాగా నచ్చాయి. రాయి మీద రాయి పేర్చి, సున్నం లేకుండా రెండు వందల ఏళ్లు నిలబడ్డ గోడలను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీశారు. నచ్చనివి వేరే ఉన్నాయి. గడ్డి కట్టలకు చుట్టిన నల్ల ప్లాస్టిక్ నచ్చలేదు. నాలుగు చక్రాల మోటారు బండి నచ్చలేదు, కర్ర పట్టుకుని కుక్కతో నడిచి ఎక్కమన్నారు. మోకాళ్లు అరిగిన మనిషి మూడుసార్లు ఎక్కాడు. ఈతల కాలంలో ఒక రాత్రి మంచు కురిసి పదకొండు గొర్రెపిల్లలు పోయాయి. పొద్దున కొట్టం పక్కన వరసగా పెట్టి ఉన్నాయి. కెమెరా అతను వాటి దాకా వచ్చి, పక్కకు తిప్పి, తలుపు సందులోంచి పడుతున్న ఎండను తీశాడు. వాటిని కూడా తీయమని ఐజక్ అడిగాడు. పిల్లలు కూడా చూసే కార్యక్రమం అని ఇమోజెన్ మెల్లగా చెప్పింది. మా పిల్లలు చూస్తూనే పెరిగారు తల్లీ, అన్నాడు ఐజక్.

అయినా ఒక పూట వంటింట్లో కూర్చోబెట్టి అతన్ని మాట్లాడనిచ్చారు. గంటన్నర మాట్లాడాడు. ఒక గొర్రెకు ఉన్ని కత్తిరించడానికి కూలీ ఎంతో, ఆ ఉన్ని అమ్మితే అందులో నాలుగో వంతు కూడా ఎందుకు రాదో చెప్పాడు. కిందటేడు సగం ఉన్నిని కొట్టం వెనక తగలబెట్టానని, చలి కాచుకోవడానికి కూడా ఆ మంట పనికిరాలేదని, కంపు అని చెప్పాడు. లోయలో తన చిన్నతనంలో పద్నాలుగు పొయ్యిల పొగ కనిపించేదని, ఇప్పుడు నాలుగని చెప్పాడు. ఉత్తరం తీసి కెమెరా ముందు పట్టుకుని మొత్తం చదివాడు. చదివాక అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అరచేత్తో కళ్లు అదుముకున్నాడు.

"ఇది వదిలి మేం ఎక్కడికి పోతాం?" అన్నాడు.

ఇమోజెన్ కళ్లు చెమర్చాయి. దొంగ కన్నీళ్లు కావవి, ఐజక్ ఆ తర్వాత కూడా ఎన్నడూ అలా అనుకోలేదు. ఈ ముక్క తప్పకుండా ఉంటుందని ఆమె మాట ఇచ్చింది.

*

జూలైలో ఇమోజెన్‌కు ఎవరో కలిసొచ్చే డబ్బు గురించి చెప్పారు. అది తీయాలంది. అక్టోబరులో పొట్టేళ్ల సంతకు తాము ఉండరు కనుక ఇక్కడే, వాకిట్లో, ఎడ్గర్‌ను పిలిచి ఉత్తుత్తి బేరం చేసి చూపించమంది.

ఐజక్ కుదరదన్నాడు. మందిరం మనిషిని, అదృష్టం పేరుతో ఎవరికీ ఏమీ పెట్టను, అందరికీ తెలిసిన సంగతే, అన్నాడు. అసలు కారణం ఆమెకు చెప్పలేదు. ఇమోజెన్ బతిమాలలేదు. పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు మాట్లాడింది.

"ఐజక్ గారూ, మీరు వంటింట్లో చెప్పింది జనం వినాలంటే ముందు వాళ్లు మిమ్మల్ని ఇష్టపడాలి. ఇలాంటిది ఒకటి చూస్తే ఇష్టపడతారు. లేకపోతే ఉత్తరం వచ్చేసరికి వేరే ఛానెల్‌కి పోతారు."

అతను ఆ రోజు పొద్దుపోయేదాకా కొండ మీదే ఉన్నాడు. మంద కోసం ఒక చిన్న అబద్ధం. అబద్ధం కూడా కాదు, వేషం. క్రిస్మస్‌కు పిల్లలు మందిరంలో కాపరుల వేషం వేయరా? ఇలా సర్దుకుని మర్నాడు సరేనన్నాడు.

ఎడ్గర్ వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, చావులకు వేసుకునే కోటు వేసుకుని, బూట్లు తుడుచుకుని వచ్చాడు. ఏం చేయాలో ఇమోజెన్ వివరిస్తుంటే చివరి దాకా విని, ఐజక్ వైపు ఒక్కసారి చూసి, "ఓహో, అదా" అన్నాడు.

నోటు కెమెరాలో బాగుండదని వాళ్లే ఒక పెద్ద వెండి నాణెం తెచ్చారు. ఐజక్ కాలరుకు మైకు గుచ్చారు. అమ్మకానికి లేని పొట్టేలును మధ్యలో నిలబెట్టారు. ఇద్దరూ అరచేతుల్లో ఉమ్మి, చేతులు కలిపారు. ఐజక్ నాణేన్ని ఎడ్గర్ చేతిలో పెట్టి, చెప్పమన్నట్టే, "కలిసిరావాలి" అన్నాడు. ఎడ్గర్ గుప్పిట మూశాడు.

మబ్బు అడ్డొచ్చిందని రెండోసారి చేయించారు. కుక్క మొరిగిందని మూడోసారి. నాలుగోసారి ఐజక్ మాట వినబడలేదన్నారు. ఐదోసారి ఎడ్గర్‌ను కాస్త నవ్వమన్నారు. పొట్టేలు తల తిప్పుకుందని ఆరోసారి. ప్రతిసారీ ఎడ్గర్ గుప్పిట మూసేవాడు, మళ్లీ తెరిచి నాణేన్ని ఐజక్‌కు ఇచ్చేసేవాడు. ఆరోసారి అయ్యాక వాళ్ల మనిషి ఒకామె చిన్న సంచీతో వచ్చి, థాంక్స్ చెప్పి, నాణేన్ని ఎడ్గర్ అరచేతిలోంచి తీసుకుపోయింది.

ఎడ్గర్ తన ఖాళీ చేతిని చూసుకున్నాడు.

"ఆరుసార్లు ఇచ్చావోయ్. నా లెక్క మాత్రం కదల్లేదు" అన్నాడు.

ఇరవై ఏడేళ్లలో అతను ఆ సంగతి ఎత్తింది అదే మొదటిసారి. కీర్తనల పుస్తకం లోపల అల్మారాలో ఉంది. వాకిలి నుంచి పది అడుగులు. ఐజక్ నోరు తెరిచాడు. కాలరుకు మైకు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ వైరు చివర చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రాడు తనవైపే చూస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. మైకు తీసేసరికి ఎడ్గర్ కోటు విప్పి భుజాన వేసుకుని గోడ దాటేశాడు.

*

జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం కార్యక్రమం వచ్చింది. విన్నీ మాంసం కూరిన రొట్టె ఒకటి కాల్చి ఎడ్గర్‌ను కూడా పిలిచింది. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు.

కొండ చాలా అందంగా ఉంది. ఐజక్‌కే ముచ్చట వేసింది. పేరున్న నటుడెవరో వెనక నుంచి మాట్లాడుతున్నాడు, వెన్న రాసినట్టు గొంతు. ఈ లోయలో కాలం ఆగిపోయిందన్నాడు. గోడలు వచ్చాయి. కర్ర పట్టుకుని కొండెక్కుతున్న ఐజక్ వచ్చాడు. పుట్టిన పిల్లను తల్లి నాకుతుంటే పైన తలుపు సందులోంచి ఎండ పడింది. కలిసొచ్చే డబ్బు నాలుగు నిమిషాలు వచ్చింది. ఎడ్గర్ అరచేయి, అందులో మెరుస్తున్న నాణెం, మూసుకున్న గుప్పిట. ఇక్కడ మనిషి మాటే పత్రం, నమ్మకమే నగదు అన్నాడు వెన్న గొంతువాడు. ఎడ్గర్ తినడం ఆపి టీవీకేసి చూశాడు, మళ్లీ తిన్నాడు.

ఐజక్ వంటింటి కోసం చూస్తూ కూర్చున్నాడు. ఉత్తరం రాలేదు. ఉన్ని రాలేదు. చివర్లో నల్లబండ వెనక సూర్యుడు దిగుతున్నాడు, మంద మెల్లగా మేర వెంట కదులుతోంది, అప్పుడు వినిపించింది ఐజక్ గొంతు ఒక్కటే, మనిషి లేకుండా.

"ఇది వదిలి మేం ఎక్కడికి పోతాం?"

ఆ వెలుగులో, ఆ సంగీతం మీద, ఏడుపుకు ముందు అన్న ఆ మాట ఎంత తృప్తిగా వినిపించిందంటే, అన్నవాడికే ఒక్క క్షణం తాను సుఖంగా ఉన్నట్టు అనిపించింది. తర్వాత పేర్లు పడ్డాయి.

విన్నీ లేచి గిన్నెలు తీసింది. "గోడలు బాగా వచ్చాయి" అంది.

మర్నాడు ఐజక్ ఇమోజెన్‌కు ఫోన్ చేశాడు. ఆమె తప్పించుకోలేదు. ఆ ముక్క చివరి దాకా ఉందని, పైవాళ్లు తీసేయించారని, తానూ పోట్లాడానని చెప్పింది. ఆదివారం సాయంత్రం జనం బరువైనవి చూడరట. రేపు సోమవారం పనికి పోవాలి కదా, మనసు తేలిక పడాలట.

ఐజక్ ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని గురించే ఆలోచించాడు. తన చిన్నతనంలో బరువైన మాటలు చెప్పేది ఆదివారం సాయంత్రమే. తండ్రి ఆ చెక్క మెట్లెక్కి నిలబడితే లోయ మొత్తం గట్టి బల్లల మీద కూర్చుని గంటసేపు వినేది, మర్నాడు సోమవారం పనికి కూడా పోయేది. ఇప్పుడు మందిరానికి వచ్చేది ఎనిమిది మంది. మిగతా అందరూ ఆదివారం సాయంత్రం టీవీ ముందు ఉంటారు. అయితే తప్పు టీవీదేనా? ఉన్నది చెప్పడానికని వెళ్లి, లేనిదాన్ని ఆరుసార్లు చేసి చూపించింది తనే. వాళ్లు రెండూ తీశారు. బాగున్నది ఉంచుకున్నారు.

ఉత్తరాలు వచ్చాయి, నూటికి పైగా. లండన్ నుంచి ఒకామె, మీ లోయను చూసి ఏడ్చాను, ఇంకా ఇలాంటి మనుషులున్నారని తెలిసి ఈ దేశం మీద నమ్మకం కలిగింది అని రాసింది. ఇద్దరు ముగ్గురు అక్కడ సెలవులకు అద్దె ఇళ్లు దొరుకుతాయా అని అడిగారు. కౌలు సంగతి ఎవరూ అడగలేదు. తెలిస్తే కదా. సంతకు పోతే వరసలో ఉన్నవాళ్లు అరచేతులు చాపేవారు. "ఐజక్, మాకూ ఒక వెండిది పెట్టవోయ్, కలిసొస్తుంది" అనేవారు. అతని పొట్టేలు కథ తెలిసిన ముసలివాళ్లు మాత్రం నవ్వేవారు కాదు. తల తిప్పుకునేవారు.

మార్చిలో ఎస్టేటు మేనేజరు స్వయంగా వచ్చాడు. కారులోంచి దిగుతూనే చెయ్యి కలిపాడు.

"రెల్ఫ్ గారూ, కార్యక్రమం అద్భుతం. దొరగారు రెండుసార్లు చూశారు. మా అద్దె ఇళ్లన్నీ ఆగస్టు దాకా నిండిపోయాయి" అన్నాడు.

ఐజక్ అతని చెయ్యి వదల్లేదు. కౌలు మాట ఎత్తుతాడేమో అనుకున్నాడు. ఎత్తాడు కూడా. అక్టోబరులో ఇల్లు ఖాళీ అయ్యాక దాన్ని కూడా సెలవులకు అద్దెకిచ్చే ఇల్లుగా మారుస్తారట. వంటింట్లో పొయ్యి అలాగే ఉంచుతారట, పైన ఫోటో ఒకటి పెడతారట. ఆ చేతులు కలిపిన ఫోటో, నాణెంతో. ఐజక్ గారికీ డార్గ్ గారికీ అభ్యంతరం లేకపోతే.

"ఎడ్గర్‌ని అడగండి. చెయ్యి అతనిది" అన్నాడు ఐజక్.

ఎడ్గర్ ఏమన్నాడో తెలియదు. మేనేజరు కారు మాత్రం వెళ్లేటప్పుడు వచ్చినదానికంటే వేగంగా పోయింది.

*

అక్టోబరు రెండో శుక్రవారం మందను సంతకు దించారు. ఆఖరిసారి కొండ మీద నుంచి తోలడానికి ఎడ్గర్ తన కుక్కను కూడా తెచ్చాడు. గొర్రెలకు ఏ అనుమానమూ లేదు. కత్తిరింపుకు దిగినట్టే దిగాయి.

వేలం పాడేవాడు మంచి ఉద్దేశంతోనే, టీవీలో చూసిన మంద ఇదేనని మొదలుపెట్టాడు. టీవీలో వచ్చినందుకు ఎవరూ ఒక పౌండు ఎక్కువ పాడలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లలో సగం మంది కబేళాలకు కొనేవాళ్లు. వయసులో ఉన్నవి దక్షిణాన పల్లపు రైతులకు పోయాయి. అక్కడ వాటికి కంచెలుంటాయి, మేర తెలియాల్సిన పని లేదు. దొడ్డి వెనక దొడ్డి ఖాళీ అయింది. ఐజక్ వేలం పాడేవాడి పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ప్రతి దొడ్డికీ తల ఊపాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది. ఐజక్ తాతకు ఆ మందను కూర్చడానికి పట్టింది ముప్ఫై ఏళ్లు.

చివరి దొడ్డిలో పన్నెండు ముసలి గొర్రెలు మిగిలాయి. పళ్లు రాలినవి. కబేళా మనిషి ఒక ధర చెప్పాడు. వెనక నుంచి కర్ర ఒకటి లేచింది. అందరూ తిరిగి చూశారు. ఎడ్గర్.

కబేళా మనిషి ఇంకో రెండుసార్లు పాడి, భుజాలెగరేసి ఊరుకున్నాడు.

ఐజక్ గబగబా దొడ్డి దగ్గరికి వెళ్లాడు. కోపంగా ఉన్నాడు.

"పళ్లు లేని గొర్రెలు నీకెందుకు ఎడ్గర్?"

"నాకు మాత్రం ఉన్నాయా?"

"నీ వైపు వదిలితే అవి ఉండవు. పాత మేరకే పోతాయి. అక్కడ కంచె వేస్తున్నారు."

"కంచె దాకా పోతాయి" అన్నాడు ఎడ్గర్. "పోయి దానికి ముక్కులు ఆనించి నిలబడతాయి, చచ్చేదాకా రోజూ. సెలవులకొచ్చే వాళ్లు నీ వంటింటి కిటికీలోంచి చూస్తారు. ఇవేంటి ఇక్కడ నిలబడ్డాయి అని ఆ మేనేజర్ని అడుగుతారు. ఏం చెప్తాడో నాకు వినాలనుంది."

ఐజక్ చెయ్యి చాపాడు. ఇద్దరూ అరచేతుల్లో ఉమ్మి చేతులు కలిపారు. ఐజక్ జేబులోంచి పన్నెండు పౌండ్లు తీసి, గొర్రెకు ఒకటి లెక్కన, ఎడ్గర్ చేతిలో పెట్టాడు. ఏ మాటా అనలేదు. పైవాడి పేరు కూడా ఎత్తలేదు.

ఎడ్గర్ గుప్పిట మూయలేదు.

ఐజక్ కోటు లోపలి జేబులోంచి కీర్తనల పుస్తకం తీశాడు. పంట పండుగ పాట దగ్గర తెరిచి, మడత దగ్గర గుడ్డలా మెత్తబడ్డ నోటును బయటికి తీశాడు. దానితో పాటు కొత్త నోటు ఇంకొకటి.

"పొట్టేలుది. పాతది ఇప్పుడు ఏ కొట్టులోనూ చెల్లదు. అందుకని కొత్తది కూడా తెచ్చాను."

ఎడ్గర్ పాత నోటును వెలుగుకు పట్టి చూశాడు.

"ఎప్పటి నుంచి ఉంది ఇది నీ దగ్గర?"

"అది చచ్చిన వారం నుంచి."

"చేతిలో లేక దేవుణ్ని అడ్డం పెట్టుకున్నావనుకున్నా ఇన్నాళ్లూ. కొత్తగా కొంప నడుపుతున్న పిల్లాడు, పోనీలే అనుకున్నా."

ఐజక్ పుస్తకం మూశాడు. ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. క్షమించడానికి వీలైన కారణం ఒకటి ఎడ్గర్ ఇరవై ఎనిమిదేళ్లుగా దాచి ఉంచాడు, దాని వెనక నిలబడితే చాలు.

"ఆ రోజు కూడా జేబులో ఉంది" అన్నాడు. "చెయ్యి పెట్టాను. తగిలింది."

సంత అవతలి వైపు లారీ తలుపు వేస్తున్న చప్పుడైంది. ఎడ్గర్ అటు చూడలేదు.

"మరి దేవుడు?"

"ఆయన కోసం ఆపానో, ఆయన పేరు వాడుకున్నానో ఇంకా తెలీదు ఎడ్గర్. రోజూ అడుగుతూనే ఉన్నాను."

ఎడ్గర్ మొహం కాస్త గట్టిపడింది, తర్వాత మామూలైంది, లేదా మామూలైనట్టు కనిపించింది. కొత్త నోటును ఐజక్ కోటు పై జేబులో తిరిగి కుక్కాడు. కలిసొచ్చే డబ్బు పుచ్చుకునే పద్ధతి ప్రకారం పాత నోటు మీద తుప్పున ఉమ్మాడు. చుట్టూ ఒకసారి చూశాడు.

"మళ్లీ తీసుకుపోవడానికి సంచీ పట్టుకుని ఎవరూ రారు కదా?"

"రారు."

ఎడ్గర్ నోటును నాలుగు మడతలు పెట్టి, లోపలి జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.